ఈ ఖబ్ర్ ఎవరిది?

పోయిన షబ్-ఎ-బరాత్‌కు మా నానిహాల్ ఊరికి వెళ్లాను. ఇషా నమాజ్ అయ్యాక ఇద్దరు మామూలు, వాళ్ల పిల్లలు, నేను సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని చెరువు కట్ట కింద ఉన్న ఖబ్రస్తాన్‌కు నడిచాం. గులాబీ రేకుల పొట్లం ఒకటి, అగర్‌బత్తీల కట్ట ఒకటి. నానా ఖబ్ర్ అందరికీ తెలుసు. తలవైపు షాబాద్ బండ పాతి ఉంది, దాని మీద పెయింటుతో రాసిన పేరు సగం ఊడిపోయినా కనిపిస్తోంది. దాని పక్కన ఒక మట్టి దిబ్బ, ఆ పక్కన ఇంకోటి, ఆ తర్వాత తంగేడు పొదల్లో ఎన్నో. చిన్న మామూ కొడుకు, తొమ్మిదో తరగతి పిల్లగాడు, ఒక దిబ్బ దగ్గర ఆగి "ఏ కిస్కీ ఖబర్ హై అబ్బా?" అనడిగాడు. మామూ క్షణం ఆలోచించాడు. "అప్నేచ్ లోగాఁ హైఁ బేటా, ఫాతిహా పడ్" అన్నాడు.

మనవాళ్లే. జవాబులో తప్పేం లేదు. ఫాతిహాకు పేరు అక్కర్లేదు, సవాబ్ చేరాల్సిన చోటికి అల్లాహ్ చేరుస్తాడు. కానీ పిల్లగాడు అడిగిన సవాల్ నాతో పాటు ఇంటికి వచ్చింది. ఎందుకంటే సరిగ్గా అదే ప్రశ్న ఆ ఖబ్రస్తాన్‌లోనే అంతకు ఏడాది ముందు నన్ను ఒక సర్వేయర్ అడిగాడు. ఆయనకు "మనవాళ్లే" అన్న జవాబు సరిపోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు చాలా దూరంగా ఉన్న ఇంకో ఖబ్రస్తాన్ గురించి చెప్పాలి.

అమెరికాలో నార్త్ డకోటా అని ఒక రియాసత్ ఉంది. కెనడా సరహద్దుకు ఆనుకుని, కనుచూపు మేర గడ్డి, గోధుమ చేలు, చలికాలంలో మంచు. అందులో మౌంట్రెయిల్ కౌంటీ, ఆ కౌంటీలో రాస్ అనే ఊరు. ఊరంటే మన లెక్కలో తండా అనాలి, వంద మందికి అటూ ఇటూ. ఆ ఊరి పొలిమేరలో, పొలాల మధ్య, ఇనుప కమాన్ ఒకటి నిలబడి ఉంటుంది. కమాన్ మీద నెలవంక, నక్షత్రం. కింద ఇంగ్లీషులో 'అసిరియన్ మోస్లెం సెమెటరీ' అని. కమాన్ దాటి లోపలికి వెళ్తే వరుసగా రాళ్లు, రాళ్ల మీద పేర్లు, సంవత్సరాలు. జుమా, ఒమర్, హసన్. చికాగోలో ఉండే మా ఫూఫీ కొడుకు ఆ దారిన పోతూ తీసి పంపిన ఫోటో నా దగ్గరుంది. "భాయ్, యహాఁ భీ హమారే లోగ్" అని కింద ఒక ముక్క రాశాడు.

కమాన్ మీద రాసిన మాటలోనే ఒక పొరపాటు ఉంది. వాళ్లు అసిరియన్లు కాదు, సిరియా వాళ్లు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఇప్పుడు లెబనాన్‌లో ఉన్న బెకా లోయ వాళ్లు, బీరే, రఫీద్ లాంటి పల్లెల నుంచి వచ్చినవాళ్లు. అప్పట్లో ఆ ఇలాఖా అంతా ఉస్మానియా సల్తనత్ కింద ఉండేది. 1900కు కాస్త అటూ ఇటూగా వీళ్లు అమెరికాకు రావడం మొదలైంది. మొదట భుజాన మూట వేసుకుని ఊరూరా తిరిగి సూదులు, దారాలు, గుడ్డలు అమ్మారు. మన దగ్గర గాజుల మలారం మోసుకుని తిరిగే సాయబుల్లాగే అనుకోండి. తర్వాత భూమి వైపు చూపు మళ్లింది.

1862లో అబ్రహం లింకన్ జమానాలో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం అప్పటికీ నడుస్తోంది. ఇంటి పెద్ద ఎవరైనా, పౌరుడై ఉన్నా, పౌరుడు కావాలనుకుంటున్నానని కాగజ్ మీద రాసిచ్చినా, 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. షరతు ఏమిటంటే అయిదేళ్లు అక్కడే ఉండాలి, ఇల్లు కట్టాలి, దున్నాలి. అయిదేళ్ల తర్వాత ఇద్దరు గవాహీలు వచ్చి "ఔను, ఇతను ఇక్కడే ఉన్నాడు, దున్నాడు" అని చెప్పాలి. అప్పుడు పట్టా. హసన్ జుమా, ఆయన బీవీ మేరీ జుమా 1899లో సిరియా నుంచి బయల్దేరి 1902లో నార్త్ డకోటా పశ్చిమానికి చేరారు. మొదట మూటల వ్యాపారం, తర్వాత పొలం. వాళ్ల తర్వాత వాళ్ల బస్తీల వాళ్లు, చుట్టాలు, దోస్తులు ఒక్కొక్కరే వచ్చి చుట్టుపక్కల దిగారు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. సర్కార్ 160 ఎకరాల చొప్పున పంచిన ఆ భూమి ఖాళీ భూమి కాదు. మాండన్, హిదాత్సా, అరికారా లాంటి అసలు కౌమ్‌లను కుదించి, ఒక హద్దు గీసి, అందులోకి నెట్టాక మిగిలిన భూమి. ఫోర్ట్ బెర్తోల్డ్ అనే ఆ హద్దు గీసిన ఇలాఖా అక్కడికి దగ్గర్లోనే ఇప్పటికీ ఉంది. సిరియా నుంచి ఆకలితో వచ్చిన రైతుకు అది తెలిసి ఉండకపోవచ్చు. మనం మాత్రం తెలిసే మాట్లాడుకోవాలి. ఎవరి ఖబ్రుల మీద ఎవరి గోధుమలు పండాయో అన్నది అక్కడ కూడా ఉన్న సవాలే.

ఆ మనుషులు అక్కడ ఎట్లా బతికారో ఊహించుకోండి. మస్జిద్ లేదు. ఎవరో ఒకరి ఇంట్లో జుమా నమాజ్. రంజాన్ వేసవిలో వస్తే ఆ ఉత్తరాన పగలు ఎంత పొడుగో, సెహ్రీ నుంచి ఇఫ్తార్ దాకా ఎన్ని గంటలో. దాదాపు మూడు దశాబ్దాలు అట్లా గడిచాక 1929లో మస్జిద్ కట్టుకున్నారు. గుంబద్ లేదు, మినార్ లేదు. సగం భూమిలోకి దిగి ఉన్న నేలమాళిగ లాంటి గది, పైన కప్పు, లోపల పొయ్యి. డబ్బులు కూడాక పైన అసలు మస్జిద్ లేపుదామని అనుకున్నారట. అమెరికాలో నమాజ్ కోసమే ప్రత్యేకంగా కట్టిన మొట్టమొదటి మస్జిదుల్లో దాన్ని లెక్కపెడతారు. ఈరోజు నిలబడి ఉన్నవాటిలో పాతదిగా చెప్పే అయోవా రాష్ట్రపు సీడర్ రాపిడ్స్ మస్జిద్ దీని తర్వాత అయిదేళ్లకు, 1934లో వచ్చింది.

కట్టిన ఏడాది చూడండి, 1929. ఆ ఏడాది చివర్లోనే అమెరికాలో మార్కెట్ కుప్పకూలింది. వెనకాలే కరువు, దుమ్ము తుఫాన్లు. 1930లలో ఎందరో రైతులు పొలాలు వదిలేసి పోయారు. మిగిలినవాళ్ల పిల్లలు అక్కడి నార్వే వాళ్లు, స్వీడన్ వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు చేసుకున్నారు. 1924 చట్టం కొత్తవాళ్ల రాకను దాదాపు ఆపేసింది కాబట్టి వెనక నుంచి కుమక్ రాలేదు. రెండో నస్ల్‌లో పేర్లు మారాయి, మూడో నస్ల్‌లో చాలామంది చర్చికి వెళ్లారు. పైన లేపుదామనుకున్న మస్జిద్ ఎప్పటికీ లేవలేదు. ఉన్న గది కూడా శిథిలమై 1970లు ముగిసేనాటికి పడగొట్టేశారు.

మరి ఖబ్రస్తాన్? అది మిగిలింది. ఈరోజు రాస్‌లో ముస్లింలు ఉన్నారా అంటే వేళ్ల మీద లెక్కపెట్టడానికి కూడా కష్టం. కానీ ఆ కమాన్ ఉంది, ఆ రాళ్లు ఉన్నాయి. 2005లో ఆ ఖాందాన్ల వారసులు అదే ఆవరణలో నాలుగు చిన్న మినార్లు, ఒక గుంబద్‌తో చిన్న మస్జిద్ కట్టారు. అందుకు చేయి వేసినవాళ్లలో క్రైస్తవులైన బంధువులూ ఉన్నారు. 2018లో ఆ ఖబ్రస్తాన్‌ను అమెరికా సర్కార్ జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కించింది. చుట్టూ ఇప్పుడు బక్కెన్ చమురు. 2006 తర్వాత మౌంట్రెయిల్ కౌంటీలో అడుగు భూమికి కూడా గిరాకీ. అయినా ఆ నాలుగు వరుసల ఖబ్రుల వైపు ఎవరూ చూడలేదు.

ఎందుకు చూడలేదు? అమెరికా గొప్పదనం అని నేను అననుగాక అనను. అక్కడ ఎన్ని నల్లవాళ్ల ఖబ్రస్తాన్ల మీద రోడ్లు, పార్కింగ్‌లు వేశారో చదివినవాడికి ఆ భ్రమ ఉండదు. రాస్ ఖబ్రస్తాన్ మిగలడానికి నాకు కనిపించే సబబ్ సాదాసీదాది. అక్కడ ఎవరున్నారో రాసి ఉంది. రాతి మీద ఉంది, పట్టా కాగజ్ మీద ఉంది, జనాభా లెక్కల్లో ఉంది. 1939లో సర్కార్ పనిమనిషి ఒకరు ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ల మాటలు రాసుకున్నప్పుడు మేరీ జుమా తన సఫర్ అంతా చెప్పుకుంది. ఆ బయాన్ ఉంది. ముస్లింగా మిగలని మనవడు కూడా వచ్చి "ఇది మా దాదా" అని వేలు పెట్టి చూపగలడు. వారసుడికి దీన్ మారింది, రాతి మీద పేరు మారలేదు.

ఇప్పుడు మా ఊరి సర్వేయర్ సంగతి.

చెరువు కట్ట పక్క నుంచి పోయే బండ్లబాటను రోడ్డు చేస్తామన్నారు. మంచిదే, ఖబ్రస్తాన్‌కు మయ్యత్‌ను మోసుకుపోవడానికి వానాకాలంలో మేమే తిప్పలు పడతాం. కొలతలకు వచ్చినప్పుడు మామూ నన్ను పిలిచాడు, "తూ పఢా లిఖా హై, ఆజా" అని. నాకు ఒక ఫాయిదా ఉంది. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. నిజాం జమానా సేత్వార్‌లు, పాత పహాణీలు ఉర్దూలో ఉంటాయి. ఈరోజు చాలా దఫ్తర్లలో వాటిని చదివే మనిషే లేడు. ఉర్దూ మీడియం చదివి ఏం పనికొచ్చిందని అడిగే చుట్టాలకు ఇదొక జవాబు. సేత్వార్ నకలు తీయిస్తే అందులో ఆ సర్వే నంబరు ఒక ఎకరం పన్నెండు గుంటలు, కైఫియత్ ఖానాలో ఒకే ఒక్క మాట: ఖబ్రస్తాన్. భూమి మీద గొలుసు వేసి కొలిస్తే ఇరవై ఎనిమిది గుంటలు. మిగతా ఇరవై నాలుగు గుంటలు ఎప్పుడు, ఏ దిక్కు నుంచి తగ్గాయో ఎవరికీ తెలియదు. ఒకవైపు చేను గట్టు లోపలికి జరిగింది, ఇంకోవైపు ఎవరిదో గడ్డివాము, మరోవైపు చెరువు మట్టి. మనవాళ్లు కూడా తక్కువ తినలేదు. ఒక మూలన ఇటుకలతో గది కట్టి అద్దెకిచ్చిన పెద్దమనిషి కలిమా చదివేవాడే.

సర్వేయర్ మంచివాడే, గొడవ పెట్టుకునే రకం కాదు. తంగేడు పొదలున్న వైపు చూపించి "ఇక్కడ కూడా సమాధులున్నాయా సార్? ఎవరివి?" అన్నాడు. ఉన్నాయన్నాం. ఎవరివి అంటే నోట మాట రాలేదు. మామూ రెండు తరాలు చెప్పగలిగాడు, అదీ మగవాళ్లవి. అప్పుడు మాతో వచ్చిన ముసలి సుంకరి ముందుకొచ్చాడు. డెబ్భై అయిదు దాటిన మనిషి, ముస్లిం కాదు. ఆయన తండ్రీ ఆయనా యాభై ఏళ్లకు పైగా ఆ ఊళ్లో సాయబులకు గోరీలు తవ్వారు. కర్రతో చూపిస్తూ చెప్పుకుపోయాడు. "ఇది పెద్ద సాయబు చెల్లెలిది, కాన్పులో పోయింది. ఇది కలరా సాలున నలుగురిని ఒక్క దినమే పెట్టింది. ఇది పోలీస్ యాక్షన్ అప్పుడు పట్నం పోతూ పోతూ తిరిగొచ్చి పోయిన మాస్టరుది. ఆ వేపచెట్టు కింద అంతా పసిపిల్లలే." మా ఖాందాన్ తారీఖ్‌ను నేను ఆరోజు ఒక సుంకరి నోట విన్నాను. సర్వేయర్ రోడ్డును అవతలి వైపుకు ఆరడుగులు జరిపి గీత గీశాడు. దానికి కారణం ఆ ముసలాయన జ్ఞాపకం. సేత్వార్ ఒక్కటే ఉంటే ఏమయ్యేదో నాకు అనుమానమే.

ఆ ముసలాయన లేని రోజున సర్వేయర్ వస్తే?

ఈ సవాల్ మునుపు ఊరి సంగతి. ఇప్పుడు కానూన్ సంగతి అయింది. మన పల్లెల్లో ఖబ్రస్తాన్లకు వక్ఫ్‌నామా ఎక్కడుంది? ఎవరో జాగీర్దారో, పటేలో, ఊరి వాళ్లంతానో "ఇక్కడ పెట్టుకోండి" అన్నారు, పెట్టుకున్నాం. నూరేళ్లు, రెండొందలేళ్లు పెట్టుకుంటూ వచ్చాం. వాడకమే దానికి సనద్. దాన్నే కానూన్‌లో వక్ఫ్ బై యూజర్ అన్నారు. కేంద్రం చెప్పిన లెక్కల ప్రకారమే పోర్టల్‌లో ఎక్కిన 8.72 లక్షల వక్ఫ్ ఆస్తుల్లో 4.02 లక్షలు ఈ కోవవి. 2025 సవరణ చట్టం ఇకమీదట ఆ దారి మూసేసింది. అప్పటికే రిజిస్టర్ అయినవి ఉంటాయి, కానీ వివాదంలో ఉన్నవి, సర్కారీ జమీన్ అనుకున్నవి తప్ప. 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు మధ్యంతర హుకుమ్ ఇస్తూ కొన్ని క్లాజులను ఆపింది, దీన్ని మాత్రం ఆపలేదు. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచి ప్రతి వక్ఫ్ వివరాలు ఆరు నెలల్లో ఎక్కించమన్నారు. మా ఊరి ముతవల్లీ ఎవరని అడిగితే ముగ్గురు ముగ్గురి పేర్లు చెప్పారు. అందులో ఒకాయన ఇంతెఖాల్ అయి ఆరేళ్లు.

ఈ చట్టం మీద నాకున్న నారాజీ ఈ బ్లాగ్ చదివేవాళ్లకు కొత్త కాదు, ఇంతకు ముందు రాశాను. రెండొందల ఏళ్ల వాడకానికి కాగజ్ అడగడం నాఇన్సాఫీ. ఆ లడాయి కోర్టుల్లో నడుస్తుంది, నడవాలి. కానీ కోర్టులో మన వకీల్ నిలబడినప్పుడు ఆయన చేతిలో ఏం పెడతాం? "వాడకం" అంటే ఏమిటి? ఇక్కడ ఫలానా ఏట ఫలానా మనిషిని దఫన్ చేశాం, ఆ తర్వాత ఫలానా మనిషిని, ఇదిగో నిన్నటిదాకా. వాడకానికి రుజువు మన మయ్యత్‌లే. వాళ్ల పేర్లే మన దగ్గర లేవు. ఇది మాత్రం ఏ సర్కారూ చేసింది కాదు, మన గఫ్లత్.

ఇక్కడ కొందరు దీన్‌దార్ దోస్తులు ఆగమంటారు. ఖబ్రులు కచ్చాగా ఉండాలి కదా, పేర్లు, బండలు బిద్‌అత్ కదా అని. వాళ్ల మాటను తేలిగ్గా తీసుకోను. ఖబ్ర్‌ను పక్కాగా చేయొద్దని, దాని మీద ఇమారత్ కట్టొద్దని, దాని మీద కూర్చోవద్దని హజ్రత్ జాబిర్ రివాయత్ సహీ ముస్లింలో ఉంది. పట్నంలో కొన్ని ఖబ్రులకు మార్బుల్ తాపడం చూసినప్పుడు నాకూ ఆ హదీసే యాదికొస్తుంది. కానీ అబూ దావూద్‌లో ఇంకో రివాయత్ ఉంది. హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్‌ను దఫన్ చేశాక హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం స్వయంగా చేతులు మడిచి ఒక బరువైన రాయిని ఎత్తి తలవైపు పెట్టారు. నా భాయి ఖబ్ర్ ఎక్కడో గుర్తుండాలని, నా ఇంటివాళ్లలో ఎవరు పోయినా ఇక్కడే పక్కన దఫన్ చేస్తానని దాని భావం. జన్నతుల్ బఖీలో దఫన్ అయిన మొదటి ముహాజిర్ ఆయన. గుర్తు పెట్టుకోవడం కోసం ఒక రాయి. పూజించడానికీ కాదు, గొప్ప చూపించుకోవడానికీ కాదు. హనఫీ ఫిఖ్‌లో ఇబ్న్ ఆబిదీన్ లాంటి పెద్ద ఆలిమ్ కూడా ఖబ్ర్ ఆనవాలు పోకుండా, దానికి బేఅదబీ జరగకుండా జరూరత్ ఉంటే రాయడంలో హరజ్ లేదన్న మాటను చెప్పారు. గట్టు జరుగుతున్న ఖబ్రస్తాన్ కన్నా పెద్ద జరూరత్ ఏముంటుందో నాకు తెలియదు.

అయినా సరే, రాయి వద్దంటే వద్దు. నేను రాయి గురించి పట్టు పట్టడం లేదు. పట్నంలో జాగా చాలక పాత ఖబ్ర్‌లోనే కొత్త మయ్యత్‌ను పెడుతున్నారు. మట్టి మట్టిలో కలిసిపోయాక అది జాయజే. అక్కడ రాయి ఎన్నాళ్లు నిలుస్తుంది? నేను అడిగేది రిజిస్టర్. రెండొందల పేజీల నోట్‌బుక్ అరవై రూపాయలు. మస్జిద్ అల్మారీలో జుమా చందా పుస్తకం పక్కన అదొకటి ఉంటే చాలు. మయ్యత్ పేరు, వాలిద్ పేరు, వాలిదా పేరు, ఏ ఇల్లు, ఏ తారీఖ్, ఏ మూలన. చందా ఎవరు పది రూపాయలు ఇచ్చారో మైకులో చెప్పి, పుస్తకంలో రాసుకునే కమిటీలు ఎవరు దునియా వదిలి పోయారో రాసుకోవు. ఇది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

వాలిదా పేరు అని కావాలనే రాశాను. మన కతబాలు చూడండి. ఆడవాళ్లది అయితే 'జౌజా-ఎ-ఫలానా', లేదా 'వాలిదా-ఎ-ఫలానా'. పేరు రాస్తే బేపర్దగీ అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఉమ్ముల్ మోమినీన్‌ల పేర్లు మన పిల్లలకు బడిలో కంఠస్థం చేయిస్తాం, ఇంట్లో నానీ పేరు మాత్రం దాచిపెడతాం. రాస్ గురించి ఈరోజు మనకు తెలిసినదాంట్లో పెద్ద హిస్సా ఒక ఆడమనిషి చెప్పిన మాటలు. మేరీ జుమా తన సఫర్, మూటల వ్యాపారం, దున్నుడు, ఇళ్లలో నమాజులు ఇవన్నీ చెప్పకపోతే ఆ ఊరి తారీఖ్ సగం ఖాళీ. అమెరికాలో ఆ నస్ల్ ఆడమనిషికి దొరికిన ఆ ఒక్క పూట మన నానీలకు ఎవరిచ్చారు? ఆ పూట ఇవ్వడానికి సర్కారు మనిషి రానక్కర్లేదు. ఫోన్‌లో రికార్డింగ్ బటన్ నొక్కి పక్కన కూర్చుంటే సరిపోతుంది.

ఇంకో సంగతి పరదేశంలో ఉన్న బచ్చాల గురించి. దమ్మామ్‌లో, చికాగోలో, డల్లాస్‌లో మన ఖాందాన్లలో ఎందరున్నారో లెక్కేసుకోండి. రాస్ కథ వాళ్లకు ఎవరో అరబ్బుల కథలా అనిపించొచ్చు. నాకు అట్లా అనిపించలేదు. 1915లో డౌ అనే సిరియా మనిషి కేసులో ఆ దేశపు అప్పీల్ కోర్టు సిరియన్లను తెల్లవాళ్ల లెక్కలో వేసి పౌరసత్వానికి దారి తెరిచింది. అదే 1923లో భగత్ సింగ్ థింద్ అనే మన పంజాబీ కేసులో సుప్రీంకోర్టు హిందుస్తానీలు తెల్లవాళ్లు కాదంది. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆ గడ్డి మైదానంలో పట్టా ఉన్నవాళ్లు మనవాళ్లూ అయ్యుండేవాళ్లు. ఇప్పుడు అక్కడ స్థిరపడ్డ మన పిల్లలు అక్కడే దఫన్ అవుతారు. అది నసీబ్, అందులో ఆయిబ్ ఏమీ లేదు. మయ్యత్‌ను నాలుగు రోజులు మార్చురీలో పెట్టి విమానంలో ఇక్కడికి తెప్పించుకోవడం నాకు మంచిగా అనిపించదు, త్వరగా దఫన్ చేయడమే సున్నత్. కానీ వాళ్ల పిల్లలు ఒకరోజు ఇక్కడికి వచ్చి మన ఊరి ఖబ్రస్తాన్‌లో నిలబడి "కిస్కీ ఖబర్" అని అడుగుతారు. వాళ్లకు ఉర్దూ రాకపోవచ్చు, తెలుగు రాకపోవచ్చు. అప్పుడు చూపించడానికి మన దగ్గర ఏముంటుంది?

ఊళ్లో ఉన్నవాళ్ల సంగతీ అంతే. మా నానిహాల్‌లో మా అమ్మీ చిన్నప్పుడు అరవై దాకా ఇళ్లుండేవట. ఇప్పుడు పదకొండు. కొందరు పోలీస్ యాక్షన్ తర్వాత, కొందరు కరువులో, ఎక్కువమంది పిల్లల చదువుల కోసం పట్నం చేరారు. పదకొండు ఇళ్లు ఆరయ్యే రోజు ఎంతో దూరం లేదు. రాస్‌లో కూడా ఇదే జరిగింది. మస్జిద్‌కు నమాజీలు కావాలి, నమాజీలు లేకపోతే అది నిలవదు. ఖబ్రస్తాన్‌కు కావాల్సింది వారసుల యాద్ మాత్రమే. పట్నం పోయినవాళ్లు ఏడాదికి ఒకసారి షబ్-ఎ-బరాత్‌కో, ఈద్ రెండో రోజునో వస్తే అది నిలుస్తుంది. రాకపోతే గట్టు ఇంకో రెండు గుంటలు జరుగుతుంది.

నేను చేస్తున్న పని ఏమిటో చెప్తాను, ఇదేదో కారనామా అని కాదు, ఎవరికైనా పనికొస్తుందని. ఆ షబ్-ఎ-బరాత్ మరునాడు పొద్దున మామూ కొడుకును వెంట తీసుకుని నోట్‌బుక్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. సుంకరి తాతను ఆటోలో తీసుకొచ్చాం. ఆయన చూపించడం, పిల్లగాడు గీత గీసి గళ్లలో నంబర్లు వేయడం, నేను రాయడం. రెండు పూటల్లో ముప్పై ఒక్క పేర్లు దొరికాయి. తర్వాత పట్నంలో ఉన్న ఖాలాలకు, బంధువులకు ఫోన్లు. పాత నికానామాలు భలే పనికొచ్చాయి. ఖాజీ సాబ్ దఫ్తర్‌లో సియాహాలు ఉంటాయి, అందులో దూల్హా, దుల్హన్ ఇద్దరి పేర్లూ, వాలిద్‌ల పేర్లూ ఉంటాయి. ఇంట్లో ఎవరికీ తెలియని ఆడవాళ్ల పేర్లు నాకు అక్కడే దొరికాయి. పాత రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలు, పాత ఉత్తరాల చివర దస్తఖత్‌లు. ఇప్పటికి యాభై మూడు అయ్యాయి. ఉర్దూలో ఒక పేజీ, ఎదురుగా తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. మా పిల్లల్లో ఉర్దూ చదివేవాళ్లు ఇద్దరే, సర్వేయర్‌కు ఎట్లాగూ తెలుగే కావాలి. ఒక నకలు మస్జిద్‌లో, ఒకటి పంచాయతీ దఫ్తర్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను, ఒకటి మా ఇంట్లో.

నానా పక్కన ఉన్న ఆ మట్టి దిబ్బ, పిల్లగాడు అడిగినది, మా పర్‌నానీదట. అంటే నానా అమ్మది. ఇంట్లో అందరూ ఆమెను బడీ మా అనేవాళ్లే తప్ప పేరు ఎవరికీ తెలియదు. అమ్మీకి తెలియదు, ఖాలాలకు తెలియదు. నికా ఈ తాలూకాలో జరగలేదు, ఎక్కడో గుల్బర్గా వైపు అట, కాబట్టి ఇక్కడి సియాహాలో లేదు. సుంకరి తాతను అడిగితే ఆయన తల గోక్కుని, "మా నాయన ఆమెను గులాబమ్మ అని పిలిచేటోడు, సాయబుల పేరు ఏముండెనో" అన్నాడు. గులాబ్ బీ కావచ్చు. గులాబీ బేగం కావచ్చు. నోట్‌బుక్‌లో ఏడో నంబరు దగ్గర పెన్సిల్‌తో గులాబ్ బీ అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను. వచ్చే నెల గుల్బర్గా పోతున్నాను.